ఒక్కటే వార్త... మూడు కాపీలు!

పోస్ట్‌మాన్ ఒక ఉత్తరాన్ని ఒక్కసారే ఇచ్చి వెళ్తాడు. అలా కాకుండా పొద్దున ఇచ్చిన కవరునే మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం మరోసారి తెచ్చి గుమ్మంలో వేశాడనుకోండి... మొదటిరోజు నవ్వుకుంటాం. రెండోరోజు విసుక్కుంటాం. మూడోరోజు నుంచి కవరు మీద పేరు కూడా చూడకుండా చెత్తబుట్టలో పడేస్తాం. అసలు ప్రమాదం ఆ మూడోరోజునే మొదలవుతుంది.

2020లో విజయవాడలోని ఓ చిన్న ఆడిటరు ఆఫీసుకి ఈ సంగతి అనుభవంలోకొచ్చింది.

గవర్నర్‌పేటలో రెండు గదుల ఆఫీసు అది. ముప్ఫయ్యేళ్లుగా లెక్కలు చూస్తున్న పెద్దాయన, ఆయన దగ్గర జూనియర్‌గా చేరి ఇప్పుడు సగం బరువు మోస్తున్న చార్టర్డ్ అకౌంటెంటు ఒకావిడ, ఆర్టికల్స్ చేస్తున్న ఓ కుర్రాడు. ముగ్గురికీ కలిపి మెయిల్ బాక్స్ ఒకటే. క్లయింట్లందరికీ తెలిసిన అడ్రసు అదే. తలా ఒకటి పెట్టుకుందామని జూనియర్ ఒకటి రెండుసార్లు అడిగినా పెద్దాయన ఒప్పుకోలేదు. ‘ఆఫీసుకి గుమ్మం ఒకటే ఉండాలమ్మా. రెండుంటే ఎవరెటు నుంచి వచ్చారో మనకే తెలీదు’ అనేవారు. ఆయన మాటలో తప్పులేదు కూడా. గుమ్మం ఒకటే. కానీ ఆ గుమ్మంలోకి సరుకు మోసే చేతులు ఎన్ని అన్నదే తర్వాత వచ్చిన తంటా!

ఆ మెయిల్ బాక్సులో ‘ఆర్ఎస్ఎస్ ఫీడ్స్’ అని ఒక ఫోల్డరుంది. పన్నుల వార్తలు, జీఎస్టీ నోటిఫికేషన్లు, కంపెనీ చట్టంలో మార్పులు... ఇలాంటివన్నీ ఎప్పటికప్పుడు పెట్టే సైట్లు ఓ డజను వరకూ ఉన్నాయి. రోజూ పొద్దున్నే ఒక్కో సైటు తెరిచి కొత్తగా ఏం వచ్చిందో చూడాలంటే గంట పడుతుంది. ఆ బాధ లేకుండా అన్ని సైట్ల కొత్త వార్తలూ అవుట్‌లుక్ ప్రోగ్రాం తనే తెచ్చి ఆ ఫోల్డరులో వేసేది. పెద్దాయన కాఫీ తాగుతూ శీర్షికలు చూసుకుని, పనికొచ్చేదాన్ని మాత్రం తెరిచేవారు. ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేదు. ఎందుకంటే ఫీడ్లు తెచ్చేది ఆయన బల్ల మీదున్న కంప్యూటరు ఒక్కటే!

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్. ఆఫీసుకి తాళం పడింది. పెద్దాయన కంప్యూటరు ఆయన ఇంటికి చేరింది. జూనియర్ తన ల్యాప్‌టాప్‌లో, కుర్రాడు గుంటూరులోని వాళ్లింట్లో అన్నయ్య కంప్యూటరులో అవుట్‌లుక్ పెట్టుకుని అదే మెయిల్ బాక్సుకి కలిపారు. మూడు ఊళ్లలో కాకపోయినా మూడు ఇళ్లలో, ఒకే మెయిల్ బాక్సు మీద ముగ్గురూ పని మొదలెట్టారు. మెయిల్స్ బాగానే వచ్చాయి. ఫీడ్లే... ఒక్కోటి రెండేసి, మూడేసి!

ఇక్కడ కాస్త ఆగి అసలు కిటుకు చెప్పుకోవాలి. ఫీడ్‌లో వచ్చిన వార్త చూడ్డానికి మెయిల్‌లాగే ఉంటుంది. శీర్షిక, తేదీ, చదవకపోతే బొద్దు అక్షరాలు... అన్నీ అలాగే. కానీ అది మెయిల్ కాదు. దాన్ని మనకి ఎవరూ పంపలేదు! సైటువాళ్లు తమ దగ్గర ఓ జాబితా పెడతారు. అందులో తాజా వార్తలు ఓ పదో ఇరవయ్యో ఉంటాయి. మన కంప్యూటరే గంటకోసారి అక్కడికి వెళ్లి, జాబితా చూసి, తనకి కొత్తగా అనిపించినవి సంచిలో వేసుకుని తెస్తుంది. పాలవాడు ఇంటికి తెచ్చిచ్చే ప్యాకెట్టుకీ, మనమే రైతుబజారుకి వెళ్లి తెచ్చుకునే కూరగాయలకీ ఉన్న తేడా ఇది.

పాలవాడు ఇంటికి ఒక్కసారే వస్తాడు. రైతుబజారుకి మాత్రం ఇంట్లో ముగ్గురూ ఒకరికొకరు చెప్పుకోకుండా వెళ్లి తలో కిలో వంకాయలు పట్టుకొచ్చే అవకాశముంది. ఆడిటరు గారి మెయిల్ బాక్సులో జరిగింది అదే. మూడు కంప్యూటర్లూ ఒకదాని సంగతి ఒకటి ఎరగకుండా ఒకే సైటుకి వెళ్లాయి. ఒకే వార్త తెచ్చాయి. తెచ్చింది తెచ్చినట్టు ఉమ్మడి గుమ్మంలో కుమ్మరించాయి.

ఈ గోల ఎంత చిరాకో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఒక కాపీ చదివితే మిగతా రెండూ బొద్దు అక్షరాల్లో అలాగే ఉంటాయి. ఫోల్డరు పక్కన ‘చదవనివి ఇన్ని’ అని చూపించే అంకె దిగనే దిగదు. ఒకటి తీసేస్తే దాని కవలపిల్ల కిందనుంచి తొంగిచూస్తుంది. చదివామో లేదో మనకే అనుమానం. పైగా ముగ్గురు చదివే చోట ‘చదివినట్టు’ ఉన్న కాపీని ఎవరు చదివారో తెలీదు. బొద్దుగా ఉన్న కాపీని అందరూ వదిలేశారో, ఇంకో కాపీలో చదివేసి దీన్ని పట్టించుకోలేదో అదీ తెలీదు.

‘ఏమయ్యా, రోజూ సాయంత్రం కూర్చుని ఆ డూప్లికేట్లన్నీ తీసెయ్’ అన్నారు పెద్దాయన ఫోన్లో. కుర్రాడు చురుకైనవాడు. ఫోల్డరు మొత్తాన్ని శీర్షిక ప్రకారం వరుసలో పెట్టేవాడు. ఒకే శీర్షిక ఉన్నవన్నీ ఒక్కచోటికి చేరేవి. వాటిలో మొదటిదాన్ని ఉంచి తక్కినవి డిలీట్! పది నిమిషాల్లో ఫోల్డరు అద్దంలా మెరిసేది. రెండు మూడు నెలలు అలా నడిచింది. అందరికీ ఆనందమే.

ఇప్పుడు కథలోకి తెనాలి దగ్గర కిరాణా వ్యాపారి ఒకాయన వస్తాడు. చిన్న వ్యాపారులకి జీఎస్టీలో కాంపొజిషన్ స్కీమని ఒకటుంది. నెలనెలా పెద్ద రిటర్నుల బెడద లేకుండా మూడు నెలలకోసారి పన్ను కట్టి, ఏడాదికోసారి జీఎస్టీఆర్-4 అనే రిటర్ను వెయ్యాలి. 2019-20 సంవత్సరానికి ఆ రిటర్ను మామూలుగా అయితే 2020 ఏప్రిల్ 30లోగా వెయ్యాలి. కరోనా వల్ల గడువుని జులై 15కి మార్చారు. ఆ తర్వాత ఆగస్టు 31కి. ఆ తర్వాత అక్టోబరు 31కి. అంటే ఒకే రిటర్నుకి ఒకే ఏడాదిలో మూడుసార్లు పొడిగింపు! వార్తలు పెట్టే సైట్లు మాత్రం ఏం చేస్తాయి? మూడుసార్లూ ఇంచుమించు ఒకటే శీర్షిక... ‘జీఎస్టీఆర్-4 గడువు పొడిగింపు’.

అసలు సంగతి మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది.

రెండో పొడిగింపు వార్త జులైలో గడువు ముంచుకొచ్చాక వచ్చింది. ఎప్పట్లాగే మూడు కాపీలు పడ్డాయి. ఎప్పట్లాగే సాయంత్రం కుర్రాడు శీర్షికల వరుస పెట్టాడు. పైన ఏప్రిల్ నాటి వార్త, దాని కింద అదే శీర్షికతో మూడు. మొదటిది ఉంచాడు. మూడింటినీ డిలీట్ కొట్టాడు. జూనియర్ ఆ రోజు మధ్యాహ్నమే వాటిని బొద్దు అక్షరాల్లో చూసింది. ‘పాత పొడిగింపే మళ్లీ వచ్చి పడిందిలే, కుర్రాడు తీసేస్తాడు’ అనుకుని తెరవలేదు. పెద్దాయన అప్పటికే పొద్దుటిపూట ఫీడ్లు చూడ్డం తగ్గించేశారు. కాఫీతో పాటు కళ్లకి అంత మేత ఎందుకని!

జులై 14 రాత్రి తెనాలి వ్యాపారికి ఊపిరాడలేదు. కొట్టున్న వీధి కంటెయిన్‌మెంట్ జోను. కొనుగోలు బిల్లుల కట్టలు కొట్టు వెనక గోడౌనులో ఉండిపోయాయి. బయట కర్రలు కట్టేశారు. ‘రెండు వారాలు ఆగితే తెచ్చిస్తాను సార్’ అని బతిమాలాడు. ‘రేపే ఆఖరు తేదీ బాబూ, లేటైతే ఫీజు పడుతుంది’ అన్నారు ఆఫీసువాళ్లు. బ్యాంకు స్టేట్‌మెంటు చూసి, హోల్‌సేల్ షాపులవాళ్లకి ఫోన్లు చేసి, గుర్తున్నంత వరకూ అంకెలు పోగేసి అర్ధరాత్రి దాటాక రిటర్ను వేశారు. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

వారం తిరిగాక పెద్దాయనకి ఏలూరు నుంచి తోటి ఆడిటరు ఫోన్ చేశారు. మాటల్లో మాటగా... ‘అదేంటండీ, ఆగస్టు నెలాఖరు దాకా ఇచ్చారుగా, ఎందుకు తొందరపడ్డారు?’

జీఎస్టీఆర్-4తో చిక్కేమిటంటే, ఒకసారి వేశాక దాన్ని సవరించే వీలు లేదు. గోడౌను తెరిచాక బిల్లులు చూస్తే కొనుగోళ్ల అంకెలు పొంతన కుదర్లేదు. ఆకాశమేమీ విరిగి పడలేదు. కానీ ముప్ఫయ్యేళ్లలో తన చేతి మీదుగా తెలిసి తెలిసి ఒక్క తప్పుడు అంకె పోనివ్వని మనిషికి ఆ రిటర్ను గొంతులో ముల్లులా ఉండిపోయింది. వ్యాపారి మాత్రం పాపం ఒక్క మాటే అన్నాడు... ‘నేను ఆగమన్నాను కద సార్!’

పెద్దాయన డిలీటెడ్ ఐటమ్స్ తెరిచి వెతికారు. ఉన్నాయి. ఒకటి కాదు, మూడు. మూడూ విప్పని కవర్లలా బొద్దు అక్షరాల్లోనే ఉన్నాయి. ఒక్క కాపీ వచ్చుంటే ముగ్గురిలో ఎవరో ఒకరు చదివేవాళ్లు. మూడు రావడం వల్ల ఎవరూ చదవలేదు!

కుర్రాణ్ని కేకలేస్తారేమో అనుకుంది జూనియర్. ఆయన వెయ్యలేదు. ఫోన్లో వాళ్లిద్దరి మధ్యా జరిగిన మాటలు ఆవిడ తర్వాత చాలామందికి చెప్పింది.

‘ఎందుకు తీసేశావు?’

‘డూప్లికేట్ అనుకున్నాను సార్. టైటిల్ అదే ఉంది.’

‘వోచర్లు చూసేప్పుడు ఒకే పార్టీ పేరు మీద, ఒకే మొత్తానికి రెండు బిల్లులొస్తే ఒకటి కొట్టేస్తావా?’

‘కొట్టెయ్యను సార్. బిల్లు నంబరు చూస్తాను.’

‘మరి దీనికి నంబరు లేదా?’

కుర్రాడి దగ్గర జవాబు లేదు. రెండ్రోజులు పట్టుదలగా వెతికితే తెలిసిందేమిటంటే... ఉంది! కాకపోతే పైకి కనపడదు.

ఆ నంబరు కథ చిన్నదే గానీ చెప్పుకోదగ్గది. ఆర్ఎస్ఎస్ పుట్టింది 1999 మార్చిలో, నెట్‌స్కేప్ కంపెనీలో. పుట్టించినవాళ్లలో ఒకరు మద్రాసు ఐఐటీలో చదువుకున్న రామనాథన్ గుహ. మరొకరు డాన్ లిబ్బీ. నెట్‌స్కేప్ వాళ్ల పోర్టల్ పేజీలో రకరకాల సైట్ల శీర్షికలు చూపించడానికి చేసిన ఏర్పాటది. శీర్షికలు చూపించడమే పని కాబట్టి ‘దీన్ని ఇంతకుముందు చూశామా’ అన్న ప్రశ్న అప్పటికి పెద్దగా రాలేదు. జనం ఫీడ్లని దాచుకుని చదవడం మొదలెట్టాక వచ్చింది. 2002లో డేవ్ వైనర్ తెచ్చిన ఆర్ఎస్ఎస్ 2.0లో ప్రతి వార్తకీ ‘గైడ్’ అని ఒక గుర్తు పెట్టే చోటిచ్చారు. ప్రపంచంలో మరే వార్తకీ లేని గుర్తన్నమాట. అయితే అది పెట్టి తీరాలని మాత్రం అనలేదు. పెడితే మంచిది, పెట్టకపోయినా ఫర్వాలేదు! గుర్తు లేని వార్త వస్తే చదివే ప్రోగ్రాం ఏం చెయ్యాలి? లింకు చూసో, శీర్షిక చూసో, తేదీ చూసో ఊహించుకోవాలి. అంటే మన కుర్రాడు చేసిన పనే.

ఆ తర్వాత 2005 డిసెంబరులో ‘ఆటం’ అనే ఇంకో పద్ధతి ఖరారైంది. అందులో గుర్తు తప్పనిసరి చేశారు. సైటు అడ్రసు మారినా, వార్త వేరే చోటికి తరలినా ఆ గుర్తు మాత్రం మారకూడదన్నారు. ఇల్లు మారినా ఇంటిపేరు మారనట్టు. ఇది తెలివైన నిబంధన. చాలా సైట్లు వార్త లింకునే గుర్తుగా వాడేసి, ఏదో ఒకరోజు లింకుల ముందున్న ‘హెచ్‌టీటీపీ’ని ‘హెచ్‌టీటీపీఎస్’ చేశాయనుకోండి... పాత వార్తలన్నీ కొత్తబట్టలు కట్టుకుని మళ్లీ వరుసలో నిలబడతాయి. ఫీడ్లు చదివే అలవాటున్న ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు ఈ తిరునాళ్ల చూసే ఉంటారు.

సరే, నంబరుంది. అయినా ఆ ఆఫీసులో మూడు కాపీలు ఎందుకొచ్చాయి?

ప్రభుత్వ ఆఫీసుల్లో ఇన్‌వర్డ్ రిజిస్టరు చూసే ఉంటారు. వచ్చిన ప్రతి కాగితాన్నీ గుమాస్తా అందులో ఎక్కిస్తాడు. అదే కాగితం మళ్లీ వస్తే ‘ఇది ఫలానా తేదీన వచ్చిందే’ అని పక్కన పెడతాడు. కాగితం మీద పంపినవాళ్ల నంబరు ఉంటే సరిపోదు. దాన్ని ఎక్కించిన రిజిస్టరు కూడా ఒకటే అయ్యుండాలి. ఒకే ఆఫీసులో ముగ్గురు గుమాస్తాలు మూడు రిజిస్టర్లు పెట్టుకుంటే నంబరెంత చక్కగా ఉన్నా ఏం లాభం? ఎవరి రిజిస్టరు ప్రకారం వాళ్లకది కొత్త కాగితమే!

విచిత్రమేమిటంటే ఈ సంగతి కంప్యూటర్లవాళ్లకి ఎప్పుడో తెలుసు. 1979లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనే ఇద్దరు విద్యార్థులు ‘యూజ్‌నెట్’కి ఆలోచన చేశారు. ఊరూరా ఉన్న కంప్యూటర్లు ఒకదానికొకటి వార్తలు అందించుకునే ఏర్పాటది. ఒకే వార్త నాలుగు దారుల్లో నాలుగుసార్లు వచ్చే ప్రమాదం అందులోనూ ఉంది. అందుకే ప్రతి వార్తకీ ఒక నంబరు, ప్రతి కంప్యూటరులో తనదాకా వచ్చిన నంబర్లన్నీ రాసుకునే ఓ చిట్టా ఉండేవి. 1986లో వచ్చిన నియమావళిలో అయితే ఓ ముచ్చటైన ఆదేశం కూడా ఉంది... ‘ఐ హావ్’. అంటే, ‘నా దగ్గర ఫలానా నంబరు వార్త ఉంది, నీకు కావాలా?’ అని ముందు అడగడం. అవతలి కంప్యూటరు చిట్టా చూసుకుని, ఉంటే ‘వద్దు, పంపకు’ అంటుంది. అడక్కుండా ఇవ్వడమన్నది లేదు. వంకాయలు కొనే ముందు ఇంటికో ఫోన్ చెయ్యడం లాంటిది!

మెయిల్స్ విషయంలోనూ ఈ గొడవ ఒకప్పుడుండేది. పాత ‘పాప్’ పద్ధతిలో ఏ మెయిల్స్ దించుకున్నామన్న లెక్క ఏ కంప్యూటరుకాకంప్యూటరే రాసుకునేది. ఆఫీసులో చదివిన మెయిల్ ఇంట్లో మళ్లీ కొత్తగా కనపడేది. ‘ఐమ్యాప్’లో అలా కాదు. 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ మొదలుపెట్టిన పద్ధతి అది. మెయిల్స్‌తో పాటు ‘చదివారు’ అన్న గుర్తు కూడా సర్వరులోనే ఉంటుంది. ఎన్ని కంప్యూటర్ల నుంచి చూసినా రిజిస్టరు ఒకటే. ఆడిటరు ఆఫీసులో ముగ్గురూ మూడు ఇళ్ల నుంచి మెయిల్స్ చూసుకున్నా ఏ గందరగోళమూ రాకపోవడానికి కారణం కూడా అదే... వాళ్ల మెయిల్ బాక్సు సర్వరులో ఉంది.

ఫీడ్లే మధ్యలో జారిపోయాయి. వాటిని తెచ్చేది సర్వరు కాదు, బల్ల మీది కంప్యూటరు. దాచేదేమో సర్వరులోని ఉమ్మడి మెయిల్ బాక్సులో. తెచ్చేటప్పుడు మూడు రిజిస్టర్లు, దాచేటప్పుడు ఒకటే బీరువా. దీనికి తోడు విండోస్‌లో ‘కామన్ ఫీడ్ లిస్ట్’ అని ఇంకోటుండేది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మీరు కట్టుకున్న ఫీడ్ల జాబితా అది. ఏ కంప్యూటరు జాబితా ఆ కంప్యూటరుది. దాన్ని అవుట్‌లుక్ జాబితాతో కలిపెయ్యమని ఒక ‘టిక్’ పెడితే చాలు... మూడు కంప్యూటర్ల జాబితాలూ వచ్చి ఒకే మెయిల్ బాక్సులో కలిసిపోతాయి. ఒకే ఫీడు రెండు మూడు పేర్లతో రెండు మూడు ఫోల్డర్లలో ప్రత్యక్షం! కుర్రాడు ఎప్పుడో సరదాకి తన కంప్యూటరులో ఆ టిక్ పెట్టాడు. జూనియర్ కూడా పెట్టింది. ఎందుకు పెట్టారంటే ఇద్దరి జవాబూ ఒకటే... అడిగింది కదా అని!

జబ్బు తెలిశాక మందు చిన్నదే. పెద్దాయన కంప్యూటరొక్కటే ఫీడ్లు తేవాలి. మిగతా రెండూ తెచ్చినదాన్ని చదవాలి, అంతే. అందుకు ఆ రెండింటిలో రెండు టిక్కులు తీసేశారు. ఒకటి, అవుట్‌లుక్ ‘ఆప్షన్స్’లో ‘అడ్వాన్స్‌డ్’ కింద కామన్ ఫీడ్ లిస్ట్‌తో కలపమని చెప్పేది. రెండోది ‘సెండ్ రిసీవ్ గ్రూప్స్’లో ఉంటుంది. మెయిల్స్ తెచ్చేటప్పుడు ఫీడ్లు కూడా తెమ్మని చెప్పే టిక్ అది. ఆపైన జాబితాలో ఒకే ఫీడు రెండుసార్లు ఉన్నచోట ఒకటి తీసేశారు. ఒక గంట పని. మర్నాడు పొద్దున ఫోల్డరులో ఒక్కో వార్తా ఒక్కసారే వచ్చింది. ఒకరు చదివితే ముగ్గురికీ చదివినట్టే కనపడింది.

ఇంకో దారీ ఉంది. ఏ కంప్యూటరు తెచ్చిన ఫీడ్లు ఆ కంప్యూటరులోనే విడిగా ఓ ఫైల్లో దాచుకునేలా అవుట్‌లుక్‌లో మార్చుకోవచ్చు. అప్పుడు ఉమ్మడి మెయిల్ బాక్సులో కాపీలు పేరుకోవు. కానీ ఎవరు చదివింది వాళ్లకే. ముగ్గురి పనీ ముడిపడి ఉన్న ఆఫీసుకి అది పనికిరాదు. ఒకడే మనిషి, రెండు కంప్యూటర్లు అయితే మాత్రం నప్పుతుంది. అది కూడా రెండుసార్లు చదివే ఓపికుంటే!

అసలీ తంటా లేకుండా తెచ్చే పనీ, ‘చదివారు’ అని గుర్తు పెట్టే పనీ కూడా ఎక్కడో ఒక సర్వరుకే అప్పగించడం అన్నిటికన్నా తేలిక. 2005లో వచ్చిన గూగుల్ రీడర్ అదే చేసేది. ఏ కంప్యూటరు నుంచి చూసినా ఒకే జాబితా, ఒకే లెక్క. జనం దానికి ఎంత అలవాటు పడ్డారంటే, 2013 జులై 1న దాన్ని మూసేస్తే సొంతింటి నుంచి వెళ్లగొట్టినట్టు బాధపడ్డారు. అలాంటి సేవలు ఇప్పటికీ వేరేవి ఉన్నాయి. ఫీడ్లని నిజమైన మెయిల్స్‌గా మార్చి పంపే ప్రోగ్రాములూ ఉన్నాయి. వాటిలో ఒకటైన ‘ఆర్ఎస్ఎస్ టు ఈమెయిల్’ని రాసింది ఆరన్ స్వార్ట్జ్. 2000 డిసెంబరులో ఆర్ఎస్ఎస్ 1.0 తయారుచేసినవాళ్లలో అతనొకడు. అప్పటికి పద్నాలుగేళ్లు! ఏదో ఒక్క కంప్యూటరు మీద దాన్ని నడిపితే కొత్త వార్త ఒక్కోటీ ఒక్కో మెయిల్‌గా వస్తుంది. ఆ తర్వాత మెయిల్‌కున్న మర్యాదలన్నీ దానికీ వర్తిస్తాయి.

పెద్దాయన వీటిలో దేనికీ మారలేదు. ఆఫీసు సంగతులు ఆఫీసు గుమ్మంలోకే రావాలన్న పట్టింపు ఆయనది. కాకపోతే ఒక్క కంప్యూటరే తెచ్చే పద్ధతిలో ఒక మెలిక ఉంది. అది తర్వాత తెలిసొచ్చింది. సైటు జాబితాలో ఉండేవి తాజా వార్తలు మాత్రమే. పాత ఆర్ఎస్ఎస్ 0.91 నిబంధనల్లో అయితే పదిహేనుకి మించి ఉండకూడదని కూడా రాశారు. కొత్తవి వచ్చేకొద్దీ పాతవి కిందనుంచి రాలిపోతాయి. మూడు కంప్యూటర్లు తెస్తున్నప్పుడు ఒకటి ఆగినా ఇంకోటి అందుకునేది. ఇప్పుడు ఆ ఒక్కటీ రెండు మూడు రోజులు ఆగిందంటే ఆ మధ్యలో వచ్చి రాలిపోయినవి ముగ్గురిలో ఎవరికీ దక్కవు. డూప్లికేట్లు పోయాయి సరే, ఆ డూప్లికేట్లే ఇన్నాళ్లూ అడ్డం పెట్టిన దెబ్బలు కూడా ఇప్పుడు నేరుగా తగులుతాయన్నమాట!

అన్‌లాక్ వచ్చాక ఆ కంప్యూటరు మళ్లీ గవర్నర్‌పేట చేరింది. యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేయించారు. కుర్రాడికి పని మారింది. సాయంత్రం డిలీట్ కొట్టే పని పోయి, పొద్దున్నే ప్రతి ఫీడులో ఆఖరి వార్త తేదీ చూసే పని వచ్చింది. తేదీ పాతబడితే కంప్యూటరు ఆగినట్టే లెక్క. ఏదైనా తీసెయ్యాలంటే మాత్రం శీర్షిక చూసి కాదు, తెరిచి లోపలున్న నోటిఫికేషన్ నంబరు చూసి తియ్యాలి. ఆ ఏడాది డిసెంబరు 30న మామూలు ఇన్‌కంటాక్స్ రిటర్నుల గడువు డిసెంబరు 31 నుంచి 2021 జనవరి 10కి పొడిగించిన వార్త కూడా అక్టోబరులో వచ్చిన పొడిగింపు వార్తకి అచ్చు కవలలాగే ఉంది. దాన్ని తెరిచి చదివాకే కుర్రాడు ఫోన్ అందుకున్నాడు.

ఇక మిగిలిన సమస్య ఆఫీసు ఊడ్చే ఆమెతో. శనివారం సాయంత్రం వెళ్లేటప్పుడు లైట్లు, ఫ్యాన్లతో పాటు కంప్యూటరు మెయిన్ స్విచ్ కూడా కట్టెయ్యడం ఆవిడకి ఏళ్ల నాటి అలవాటు. రెండుసార్లు చెప్పారు. ‘అలాగేనండీ’ అంది. మూడో శనివారం మళ్లీ కట్టేసింది. ‘కరెంటు దండగ కదా బాబూ!’ అని ఆవిడ వాదన. చివరికి కుర్రాడు అట్టముక్క మీద ఎర్ర స్కెచ్‌పెన్‌తో ‘దీన్ని ఆపవద్దు’ అని రాసి స్విచ్‌బోర్డు మీద అంటించాడు. అది కూడా సరిపోదేమోనని స్విచ్ మీద సెల్లోటేపు రెండు చుట్లు వేశాడు. ఆవిడకి చదువు రాదన్న సంగతి అట్ట అంటించాక గుర్తొచ్చింది మరి!